బరంపురంలో బోర్డు లేని లేడీస్ హాస్టల్: రెండున్నరేళ్లు అక్కడ ఉండి చదువుకున్న నర్సు మాట

ఒడిశాలోని బరంపురంలో, ఆస్కా రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందు చివర, గుమ్మం పక్కన నందివర్ధనం చెట్టున్న రెండంతస్తుల మేడ అది. బోర్డు లేదు. ఫోనులోని మ్యాపులో వెతికినా దొరకదు. సందు మొదట్లో పూలమ్మే ఆమెను నర్సమ్మల ఇల్లు ఎక్కడ అని అడిగితే చెయ్యెత్తి చూపిస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి 2023 ఆగస్టు వరకు, కరోనా రెండో విడతలో ఇంటికి వెళ్లిన రోజులు తప్ప, నేను అక్కడే ఉన్నాను. మాది పర్లాకిమిడి. ఇప్పుడు శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా చెల్లెలు ఈ ఏడాది బీఎస్సీ నర్సింగ్‌లో చేరబోతోంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి ఆ ఇల్లు ఎలా ఉంటుంది, పిల్లను పంపవచ్చా అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను.

ముందుగా డబ్బు సంగతి. గదికి ముగ్గురు. నేను ఉన్నప్పుడు నెలకు 4,200 రూపాయలు, ఇప్పుడు 5,000. ఉదయం టిఫిను, రెండు పూటలా భోజనం అందులోనే. డ్యూటీ ఉన్న రోజు మధ్యాహ్నం అన్నం డబ్బాలో కట్టి ఇస్తారు. చేరేటప్పుడు ఒక నెల అద్దె అడ్వాన్సు. ఇల్లు ఖాళీ చేసిన రోజే అది నా చేతిలో పెట్టారు, ఒక్క రూపాయి తగ్గించలేదు. ఉండేది 14 మంది, అందరూ నర్సింగ్ చదివేవాళ్లే. కొందరు రెండేళ్ల ఏఎన్ఎం కోర్సు, కొందరు మూడేళ్ల జీఎన్ఎం కోర్సు, మిగిలినవాళ్లం బీఎస్సీ. కాలేజీలు వేరు, ఇల్లు ఒకటి.

తిండికి పేరు పెట్టడానికి లేదు. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. వారానికి రెండుసార్లు దాల్మా, అంటే కూరగాయలు వేసిన ఒడియా పప్పు. వేసవిలో రాత్రి మిగిలిన అన్నాన్ని నీళ్లలో నానబెట్టి పఖాళొ (చద్దన్నం) చేసి, వేయించిన వడియాలతో పెడతారు. ఆవకాయ మామ్మగారు సొంతంగా పెడతారు. మా ఇంట్లో ఆవకాయ కంటే అది బాగుంటుందని మా అమ్మే ఒప్పుకుంది.

మామ్మగారు అంటే ఇంటి యజమానురాలు. డెబ్బై దాటిన తెలుగావిడ, పుట్టింది పెరిగింది బరంపురంలోనే. భర్తకు పట్టుచీరల దుకాణం ఉండేదట. ఆయన పోయాక దుకాణం మూసేసి, అందులోని పొడవాటి బల్లను ఇంటికి తెచ్చి హాల్లో వేశారు. చీరలు పరిచి కొలిచిన బల్ల కాబట్టి, దాని అంచున గజానికొకటి చొప్పున ఇత్తడి మేకులు కొట్టి ఉంటాయి. మా భోజనాలూ చదువులూ అన్నీ దాని మీదే. ఈ ఇంటి గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ బల్ల చుట్టూ జరిగిందే.

అంతకుముందు నేను ఎలా చదివానో చెబితే తేడా తెలుస్తుంది. నేను 2019లో చేరాను. మొదటి ఏడాది సగం గడిచేసరికి 2020 మార్చి వచ్చింది, కాలేజీ మూతపడింది. పర్లాకిమిడిలో మా వెనకగదిలో గోడకు ఫోను ఆనించి పాఠాలు విన్నాను. కట్లు కట్టడం దిండు మీద నేర్చుకున్నాను. తలకు కట్టే కట్టు కోసం ఇత్తడి బిందె బోర్లించాను. దిండు నొప్పి అనదు, బిందె తల కదపదు. పరుపు మీద దుప్పటి మడతలు లేకుండా పరిచాను, కానీ ఆ పరుపు మీద మనిషి లేడు. ప్రాక్టికల్ రికార్డు మాత్రం అందంగా రాశాను, బొమ్మలకు రంగులు కూడా వేశాను. మార్కులు బాగానే వచ్చాయి. 2021లో తిరిగి వచ్చి వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజు, ఒక రోగి చెయ్యి పట్టుకుని నాడి చూడమంటే నా చేతులు వణికాయి. అప్పటికి నాకు నర్సింగ్ గురించి తెలుసు, నర్సు పని తెలియదు.

కాలేజీ హాస్టల్లో గదులు నిండిపోవడం వల్ల ఈ ఇంటికి వచ్చాను. ఇక్కడ ఎవరినీ పేరుతో పిలవరు, ఊరితోనే పిలుస్తారు. నేను పర్లాకిమిడి. నా గదిలో ఒకరు మోహన, ఇంకొకరు గుణుపురం. నాలుగో ఏడాది చదివే ఆమె ఆస్కా దిదీ. ఇంట్లో ఒకటే గట్టి నియమం ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఫోనులన్నీ వెదురు బుట్టలో పడాలి, తొమ్మిదిన్నరకు తిరిగి వస్తాయి. ఆ గంటన్నరలో మామ్మగారు బల్ల తలవైపు కూర్చుని వత్తులు చేసుకుంటూ ఎవరో ఒకరిని అడుగుతారు: "ఈ పూట ఏం నేర్చుకున్నావు? నాకు చెప్పు." ఆమె ఐదో తరగతితో చదువు ఆపేశారు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలంటే పుస్తకంలోని మాటలు పనికిరావు.

ఒక రాత్రి సెలైన్ చుక్కల లెక్క వచ్చింది. 500 మిల్లీలీటర్ల సెలైను 8 గంటల్లో ఎక్కాలి, సెలైను గొట్టం సెట్టు మీద మిల్లీలీటరుకు 15 చుక్కలు అని ఉంది, నిమిషానికి ఎన్ని చుక్కలు? సూత్రం నాకు కంఠతా వచ్చు. 500ను 15తో గుణించి, 480 నిమిషాలతో భాగిస్తే పదిహేనున్నర దాటుతుంది, అంటే 16 చుక్కలు. గడగడా చెప్పేశాను. మోహన అమ్మాయి మాత్రం ఎందుకు గుణించాలి, ఎందుకు భాగించాలి అని నిలదీసింది. ఒడియా మాధ్యమంలో చదివి వచ్చిన పిల్ల, తరగతిలో నోరు విప్పదు. అక్కడ మాత్రం వదిలిపెట్టలేదు. చెప్పబోయి నేనే తడబడ్డాను. సూత్రమే వచ్చు, దాని వెనక ఉన్న నీళ్లు నాకు కనిపించలేదు. మామ్మగారు లేచి వెళ్లి మంచినీళ్ల ఫిల్టరును బల్ల మీదకు తెచ్చారు. కింద స్టీలు గ్లాసు పెట్టి, కుళాయిని కొద్ది కొద్దిగా తిప్పుతూ ఆస్కా దిదీ వాచీ చూసింది. నిమిషానికి 16 అంటే నాలుగు సెకన్లు నిండకుండానే ఒక చుక్క. టప్. ఆగడం. టప్. పద్నాలుగు మందిమీ మాట్లాడకుండా విన్నాం. మోహన అమ్మాయి కళ్లు మూసుకుని వేలితో బల్ల మీద తాళం వేసింది, ఆ తాళం తప్పలేదు. మరునాటి నుంచి వార్డులో ఎవరి సెలైను వేగంగా పోతున్నా వాచీ చూడకుండానే పట్టేసేది.

మామ్మగారు ఇంకో ప్రశ్న వేశారు. "ఎనిమిది గంటలే ఎందుకు? తొందరగా ఎక్కిస్తే తొందరగా ఇంటికి వెళ్లవచ్చు కదా?" ఆ ప్రశ్న మమ్మల్ని గుండెలోకి, మూత్రపిండాల్లోకి తీసుకుపోయింది. ముసలివాళ్లకూ మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకూ సెలైను వేగంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోకే వస్తాయి, అక్కడ మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను తిన్నదో ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. నా స్నేహితురాలి మేనమామ డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ రాత్రి తర్వాత ఆ లెక్క నేను ఎప్పుడూ మరిచిపోలేదు.

కలిసి కూర్చుంటే చదువు దానంతట అదే వస్తుందని నేను చెప్పడం లేదు. రక్తపోటు విషయంలో మా తప్పు ఎలా బయటపడిందో చెబుతాను, ఎందుకంటే నాకు నిజంగా బుద్ధి వచ్చింది అక్కడే.

మామ్మగారికి బీపీ ఉంది. ప్రతి ఆదివారం ఆమెకు బీపీ చూసి నోటుపుస్తకంలో రాయడం జూనియర్ల పని. ఒక ఆదివారం ఐదుగురం వరసగా చూశాం, ఐదుగురం 130/80 అని రాశాం. సాయంత్రం ఆస్కా దిదీ పుస్తకం తిరగేసి, "ఐదుగురు చూస్తే ఐదుగురికీ ఒక్కటే వచ్చిందా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మొదట చూసిన అమ్మాయి రాసిన అంకెనే తక్కినవాళ్లం రాశాం. వేరే అంకె రాస్తే నాకే రాదనుకుంటారేమో అని ప్రతి ఒక్కరి భయం. నా సంగతి ఇంకా అధ్వానం. నాకు అసలు చప్పుడే వినిపించలేదు. దిండుల మీద చదివిన ఏడాది వల్ల బీపీ ఎప్పుడూ సరిగ్గా వినలేదు, వినలేదని చెప్పడానికి సిగ్గు.

ఆమె కోప్పడలేదు. ఐదు కాగితం ముక్కలు చింపి ఇచ్చింది. ఒకరికొకరు చూపించకుండా, మధ్యలో మామ్మగారి చేతికి కాస్త విశ్రాంతినిస్తూ, మళ్లీ చూసి, రాసి, మడిచి గ్లాసులో వేయమంది. విప్పితే 148/90, 152/88, 146/86, 150/90. ఐదో కాగితం ఖాళీ. అది నాది.

తర్వాత జరిగింది ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె నా పక్కన కుర్చీ లాక్కుని, స్టెతస్కోపు ఒక కొస తన చెవిలో, రెండో కొస నా చెవిలో పెట్టింది. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకోమంది. గాలి కొడుతూ పోతే నాడి ఎక్కడ ఆగిపోయిందో చూసి, అక్కడి నుంచి ఇంకో 30 పైకి కొట్టించింది. తర్వాత మర నెమ్మదిగా వదిలింది. మొదటి చప్పుడు వినిపించగానే వేలితో బల్లను తట్టింది. నాకు వినపడలేదు. రెండోసారి ఆమె తట్టిన తర్వాత, గోడ అవతల ఎవరో తలుపు కొడుతున్నంత దూరంగా, ఏదో వినిపించింది. మూడోసారి ఆమె కంటే ముందు నేనే తట్టాను. చప్పుడు మొదలైన చోటు పై అంకె, పూర్తిగా ఆగిపోయిన చోటు కింది అంకె. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ ఈ చప్పుళ్లను గుర్తించాడని నా రికార్డులో అందంగా రాసి ఉంది, కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. ఆ చప్పుడు మాత్రం నాకు ఆ ఆదివారమే వినిపించింది. మామ్మగారు ఆ వారమే తన డాక్టరు దగ్గరకు వెళితే ఆయన మాత్ర మార్చారు. మేం రాసిన అంకెలను నమ్మి ఆమె ఎన్ని వారాలు నిశ్చింతగా ఉన్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సైకాలజీ పాఠంలో లెవ్ వైగోత్‌స్కీ మాట వస్తుంది. క్షయతో 37 ఏళ్లకే కన్నుమూసిన రష్యా మనస్తత్వవేత్త. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిన దానికీ, తెలిసినవాళ్లు పక్కన ఉంటే చేయగలిగిన దానికీ నడుమ కొంత చోటు ఉంటుంది, నేర్చుకోవడం జరిగేది అక్కడే అన్నాడు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అది. నాకు ఆ చోటు అంటే రెండు చెవుల మధ్య సాగిన ఆ రబ్బరు గొట్టమే గుర్తుకొస్తుంది. ఒకరి అంకె చూసి రాసినప్పుడు మేం ఐదుగురం కలిసే ఉన్నాం, కానీ అందులో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఈ ఇంట్లో చేరే పిల్లలు ఆ తేడా కనిపెట్టుకుని ఉండాలి. పరీక్షల ముందు కేర్ ప్లాన్లు (ఏ రోగికి ఏ సేవ ఎలా చేయాలో రాసేవి) ఒకరివి ఒకరు దించి రాయడం ఇక్కడా ఉంది, లేదని అబద్ధం చెప్పను.

భాష సంగతి. మేం డ్యూటీకి వెళ్లే ఆసుపత్రికి సరిహద్దు అవతల, ఆంధ్ర నుంచి చాలామంది తెలుగు రోగులు వచ్చేవారు. మోహన అమ్మాయి ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్లి ఎంతో ప్రేమగా "ముండొ బులాఉచి కి?" అని అడిగింది. తల తిరుగుతోందా అని దాని అర్థం. ఒడియాలో ముండొ అంటే తల. ఆ మాట తెలుగువాళ్ల చెవిన ఎలా పడుతుందో నేను చెప్పనక్కరలేదు. ఆవిడ సోంపేట వైపు నుంచి వచ్చారు, ఒక్క ముక్క ఒడియా రాదు. మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆ పిల్ల చేతి మాత్ర తీసుకోలేదు. నేను పక్క మంచం దగ్గర ఉన్నాను. వెళ్లి చెయ్యి పట్టుకుంటే ఏడ్చేశారు. "ఆయన పోయి పదేళ్లయింది, ఈ పిల్ల నన్ను అంత మాట అంటుందా" అన్నారు. అర్థం చెప్పి, మోహన అమ్మాయిని పిలిచి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఆ పిల్లకు తన తప్పేమిటో తెలిసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ పాదాలు పట్టుకుంది.

ఆ రాత్రి మామ్మగారు పాత క్యాలెండరు తిరగేసి బల్ల మీద పరిచారు. నిలువుగా గీతలు గీసి, ఒక వరసలో ఒడియా, ఒక వరసలో తెలుగు. జొరొ, జ్వరం. బాంతి, వాంతి. ఇవి అన్నదమ్ముల్లా ఉన్నాయని అందరం సంతోషించాం. ఝాడా అంటే విరేచనాలు, పరిస్రా అంటే మూత్రం. తర్వాత కష్టమైనవి వచ్చాయి. కడుపులో దేవుతోంది అంటే ఒడియా పిల్లలకు ఎలా చెప్పాలి? కళ్లు బైర్లు కమ్మడం, ఒళ్లు తూలడం, గుండెదడ, ఆయాసం, నీరసం, తిమ్మిరి. రోగులు నోటితో చెప్పేవి ఇవే, మా ఇంగ్లీషు పుస్తకాల్లో ఇవి లేవు. ఒక్కొక్క మాటకు అభినయం చేసి చూపించాం. తిమ్మిరి చూపించడానికి గుణుపురం అమ్మాయి అరగంట కాలు మడిచి కూర్చుంది. మూడో వరస కూడా పడింది, ఎందుకంటే ఏఎన్ఎం చదివే పిల్లల్లో గిరిజన సవర తెగ అమ్మాయి ఒకరు ఉంది. ఒడిశాలోని ఉదయగిరి కొండల నుంచి వచ్చింది. ఆమె ఒక్కొక్క మాట చెబుతుంటే తెలుగు అక్షరాల్లో నేనూ ఒడియా అక్షరాల్లో ఆస్కా దిదీ రాసుకున్నాం. రాసింది చదివి వినిపిస్తే తల అడ్డంగా ఊపి మళ్లీ పలికించేది.

పర్లాకిమిడి దాన్ని కాబట్టి ఆ రాత్రి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొచ్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన మా ఊళ్లో పనిచేస్తూ, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని సవర నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, అవి తర్వాత ఆయనే రాశారు. భాష రావాలంటే ఆ భాష మాట్లాడే మనిషితో కూర్చోవాలని ఆయనకు తెలుసు. ఆ క్యాలెండరు కాగితం ఇప్పటికీ ఆ ఇంటి మెట్ల గోడ మీద ఉంది. తర్వాత వచ్చిన పిల్లలు కింద ఇంకో కాగితం అంటించి పెంచారు. ఆ పెద్దావిడ డిశ్చార్జి అయిన రోజు మోహన అమ్మాయిని దగ్గరకు పిలిచి, "తల బులాయించడం లేదే పిల్లా, ఇంటికి పోతున్నాను" అన్నారు.

సీనియర్ల నుంచి మంచి ఎంత వస్తుందో చెడు కూడా అంతే వస్తుంది. మాకంటే ముందు ఉండి వెళ్లిన ఒక అక్క ఇంజెక్షన్ చేశాక రెండు చేతులతో సూదికి మూత పెట్టేదట, ఎంతో ఒడుపుగా. అలా పెట్టకూడదు. వాడిన సూదిని మూత పెట్టకుండానే సూది కట్టర్‌లో తుంచి, గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. పుస్తకం అదే చెబుతుంది, గోడమీద చార్టు అదే చెబుతుంది. అయినా ఆ ఒడుపు చూసినవాళ్లంతా అదే నేర్చుకున్నారు, వాళ్లను చూసి తర్వాతివాళ్లు. 1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా చేసిన బొమ్మ ప్రయోగం మాకు పాఠంలో ఉంది. పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. మేం ఆ పాఠం చదివాం, ఆ పిల్లల్లాగే చేశాం.

ఒక సాయంత్రం రెండో ఏడాది అమ్మాయి భోజనానికి రాలేదు. పైకి వెళ్లి చూస్తే చీకట్లో పడుకుని ఉంది. మధ్యాహ్నం మూత పెడుతుండగా సూది వేలికి గుచ్చుకుంది, తిడతారని వార్డులో ఎవరికీ చెప్పలేదు. చెయ్యి కడుక్కుని ఊరుకుంది. ఆస్కా దిదీ గడియారం చూసింది. గుచ్చుకుని ఆరు గంటలు. హెచ్‌ఐవీ రాకుండా మందు వేసుకోవలసి వస్తే ఎంత తొందరగా అయితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. ఇద్దరు సీనియర్లు, మామ్మగారు ఆటో ఎక్కించుకుని రాత్రికి రాత్రే తీసుకెళ్లారు. రక్తపరీక్షలు, రిపోర్టు రాయించడం, మళ్లీ నెలలకు పరీక్షలు. చివరికి ఏమీ కాలేదు. అంతవరకు ఆ పిల్ల పక్కన ప్రతి రాత్రి ఎవరో ఒకరు పడుకున్నారు. వార్డులో చెప్పలేనిది ఆ ఇంట్లో చెప్పగలిగింది, అదీ అడిగితేనే. ఆ వారమే ఇల్లంతా కూర్చుని మూత పెట్టే అలవాటు మానుకుంటామని మాట ఇచ్చుకున్నాం, హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ ఎవరికి పూర్తయ్యాయో ఎవరికి కాలేదో జాబితా రాశాం. నలుగురికి మూడో మోతాదు మిగిలి ఉంది, నాకూ మిగిలే ఉంది.

తల్లిదండ్రులు తప్పక అడిగే ఇంకో సంగతి ఉంది. అడగడానికి మొహమాటపడతారు కాబట్టి నేనే చెబుతాను. ఇక్కడ అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు. ఒక అమ్మాయి తల్లి వచ్చి, తన కూతురు సవర పిల్ల పక్కన కూర్చుని తినదని, వేరే కంచం, వేరే చోటు కావాలని అడిగింది. మామ్మగారు ఆమెకు కాఫీ ఇచ్చి, అడ్వాన్సు డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టి, సామాను ఆటోలో పెట్టించారు. అలాంటి ఆలోచన ఉన్నవాళ్లు ఇక్కడికి రావద్దు. రేపు వార్డులో ఎవరి పక్క మారుస్తామో, ఎవరి వాంతి ఎత్తుతామో మనం ఎంచుకోలేం.

ఇక ఇబ్బందులు. 14 మందికి రెండే స్నానాల గదులు. ఉదయం డ్యూటీ ఏడింటికి కాబట్టి నాలుగున్నరకే వరస మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గిపోతాయి, బకెట్టు లెక్కన పంచుకోవాలి. దోమలు ఎక్కువ, తెర తెచ్చుకోండి. ఇంటర్నెట్టు ఉందంటారు కానీ మేడ మీద అందదు. గేటు రాత్రి ఎనిమిదిన్నరకు మూస్తారు. మధ్యాహ్నం డ్యూటీ చేసి వచ్చేవాళ్లకు ఎంత ఆలస్యమైనా తెరుస్తారు, సినిమాకు వెళ్లి వచ్చేవాళ్లకు తెరవరు. దాని మీద చాలా గొడవలు జరిగాయి. ఇరవై దాటిన ఆడపిల్లలకు ఆ నియమం అన్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పెద్ద లోపం వేరే ఉంది. ఒంటరిగా చదివితేనే బుర్రకెక్కే పిల్లలకు ఈ ఇల్లు కష్టం. గుణుపురం అమ్మాయి అలాంటిదే. పదిమందిలో అడిగితే నోరు పెగలదు, మామ్మగారి ప్రశ్న తన వంతు వచ్చే రోజున మధ్యాహ్నం నుంచే అన్నం సయించేది కాదు. మొదటి రెండు నెలలు ఎవరూ గమనించలేదు. బాగా మాట్లాడేవాళ్లే మాట్లాడుతూ పోయాం, నేను కూడా. ఒకరోజు ఆమె పెట్టె సర్దుకుంటుంటే తెలిసింది. ఆ తర్వాత మామ్మగారు ఆమెను బల్ల నుంచి వదిలేశారు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని చదువుకునేది. రోజూ పడుకునే ముందు నాకు ఒక్కదానికే ఒక ప్రొసీజర్ మొదటి నుంచి చివరిదాకా చెప్పేది, నేను ఆమెకు ఒకటి చెప్పేదాన్ని. నాలుగో ఏడాదిలో మా అందరికంటే మంచి మార్కులు ఆమెవే. మీ పిల్ల ఆ స్వభావం గలదైతే చేర్చేటప్పుడే ఆ మాట మామ్మగారికి చెప్పండి, మా అందరిలాగా రెండు నెలలు పోగొట్టుకోవద్దు.

ఐదుకు ఎన్ని అంటే నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి నీళ్లకూ గేటుకూ.

చేరాలనుకునేవాళ్లు మధ్యాహ్నం మూడింటి తర్వాత వెళ్లండి, అంతకు ముందు మామ్మగారు పడుకుని ఉంటారు. కంచం, గ్లాసు, బకెట్టు, దోమతెర, పరుపు మనవే. మంచం, చిన్న బీరువా వాళ్లిస్తారు. సెకన్ల ముల్లున్న చేతి వాచీ తప్పకుండా తెచ్చుకోవాలి, ఫోను బుట్టలో ఉంటుంది కదా. మొన్న ఆదివారం మా చెల్లెల్ని తీసుకెళ్లి మంచం మాట్లాడి వచ్చాను. కిటికీ పక్కది దొరకలేదు, తలుపు పక్కది దొరికింది. మేం కూర్చున్నంతసేపు ఎవరో కొత్త అమ్మాయి మామ్మగారికి బీపీ చూస్తోంది. చూసి, కాగితం ముక్క మీద రాసుకుని, మాకు కనిపించకుండా మడిచి గ్లాసులో వేసింది.